తూకం దిష్టి

“అత్తా, ఈ పిల్ల నాకు నిలుస్తదంటవా?”

పొద్దు ఇంకా పొడవలేదు. పొయ్యిలో పుల్ల పెట్టలేదు, వాకిట్లో నీళ్ళు చల్లలేదు. తండాలో ఏ గడపలోనూ ఇంకా మాట పుట్టకముందే ప్రమీల నోట ఈ మాట పుట్టింది. పక్కలో ఇరవై నెలల సోని బోర్లా పడుకుని నిద్రపోతోంది. ప్రమీల చూపుడువేలు పిల్ల ముక్కు కింద ఉంది. ఊపిరి వెచ్చగానే తగులుతోంది. అయినా వేలు తీయలేదు.

అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్న లాలి, తల తిప్పకుండానే జవాబిచ్చింది.

“నిలవకేమైతది. నిన్న నిలిచింది, మొన్న నిలిచింది, ఇయ్యాల నిలవదా? నీ నోట్ల బూడిద పడ, లేచి బువ్వొండు.”

రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఈ తిట్టు చెవిన పడితేగాని ప్రమీలకు తెల్లవారదు. అత్త నోట ‘నిలుస్తది’ అన్న మాటా, దాని వెనకే బూడిదా వచ్చాయంటే ఆ పూటకు పిల్లకు ఢోకా లేదు. అప్పుడు లేచి కొంగు దోపుకుంటుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ప్రమీల కీడు దగ్గరే ఆగిపోతుంది, మేలు దాకా పోవడానికి ఆమెకు తీరిక దొరకదు. మణుగూరులో బొగ్గు టిప్పరు నడిపే మొగుడు రవికుమార్ ఒక్కసారి ఫోనెత్తకపోతే టిప్పరు బోల్తా కొట్టినట్టే. భద్రాచలం దిక్కున మబ్బు పడితే గోదారి తండా దాకా వచ్చినట్టే. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నది కనుక మందుసీసాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చదివిన ప్రతి అక్షరానికీ మళ్ళీ ఒక భయం. ఇక పిల్ల సంగతి చెప్పేదేముంది? ఎక్కువసేపు నిద్రపోతే భయం, తక్కువసేపు పోతే భయం. రోజుకోసారి పిల్ల జబ్బ చుట్టూ తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూస్తుంది. ఆ సున్నాలో జబ్బ దూరి, ఇంకా చోటు మిగులుతోంది. కొన్ని నెలలుగా ఆ చోటు పెరుగుతోందని ప్రమీలకు గట్టి అనుమానం.

ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళే. “తూకం కార్డు పచ్చగున్నది గదా” అనేవాళ్ళే.

గల్లుమని మోగింది. సోని లేచింది. ఆ పిల్ల కదిలితే చాలు, ఇల్లంతా తెలిసిపోతుంది. కాళ్ళకు రెండు వెండి కడియాలు. మొలతాడుకు రెండు రాగి తాయెత్తులు, ఒక చిల్లుపైసా, ఒక ఇనుప తాళంచెవి, దర్గా నుంచి తెచ్చిన తగరపు బిళ్ళ, తండా దేవత మేరమ్మ యాడి పేర కట్టిన సీసపు గుండు. మెడలో నల్లపూసల మధ్య ఇంకో రెండు తాయెత్తులు. పిల్ల ఇంకా నిలబడదు. కూర్చున్న చోటి నుంచి డేకుతుంది. డేకితే సంతకొచ్చిన ఎడ్లబండి చప్పుడు.

“రేపు జోకుడు దినం, అత్తా” అంది ప్రమీల పొయ్యి ముట్టిస్తూ.

“అయితే?”

“అయితే ఏందత్తా? అంతమంది ముంగట పిల్లను సంచిలేసి ఎలాడదీస్తరు. ఎంతున్నదో పైకి చదువుతరు. దిష్టి తగలదా? ఏమన్న ఒకటి కట్టాలె.”

తూకం దిష్టి. ఆ పేరు పెట్టింది ప్రమీలే. ఒకసారి అంగన్‌వాడీలో పిల్లను తూచిన మర్నాడే జ్వరం వచ్చింది. అప్పటి నుంచి నెలనెలా తూకానికి ముందురోజు ఒక కొత్త కాపుదల కట్టందే ఆమెకు కాలు కదలదు.

“ఇంక యాడ కడతవే? దానికేమన్న ఎద్దుకొమ్ములున్నయా?” అంది లాలి. ఆ మాటకు తనే నవ్వి, మొహం కడుక్కోవడానికి పోయింది.

ప్రమీల అంగన్‌వాడీ ప్యాకెట్టు విప్పి మూడు చెంచాల బాలామృతం గిన్నెలో పోసింది. దానికి రెండు గ్లాసుల నీళ్ళు. చిక్కగా ఉంటే పిల్లకు పొలమారుతుందని భయం. పొలమారితే ఊపిరి తిరగదు. అందుకని వేలితో కలిపి, ఉండలేమైనా ఉన్నాయేమో వెతికి, మళ్ళీ అరగ్లాసు పోసింది. కోడిగుడ్డు మాత్రం పిల్లకు పెట్టదు. వేడి చేస్తుంది, పైగా గొంతుకు అడ్డం పడుతుంది. సెంటరులో పిల్లకిచ్చే గుడ్డు ఇంటికి తెచ్చి అత్త సద్దిలో పెడుతుంది.

లాలి తిరిగొచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

“ఇది బువ్వనా, అద్దమా? నా మొఖం కనపడుతాంది.”

“పొలమారితే నువ్వొచ్చి తీస్తవా అత్తా?”

లాలి సద్ది కట్టుకుని పత్తి చేనుకు పోయింది. సాయంత్రం వచ్చేసరికి ఆమె వేళ్ళ నిండా పత్తికాయలు గీరిన గీతలు. రొంటిన దోపుకున్నదేదో తీసి, ప్రమీల ముందు టప్పున పెట్టింది. ఇత్తడి గజ్జె. నాలుగేళ్ళ కింద అమ్మేసిన ఎద్దు మెడలోది. ఏ చూరులో వెతికి తీసిందో, చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి మరీ తెచ్చింది.

“ఎద్దుకొమ్ములు లేవంటివిగా అత్తా?”

“కొమ్ములు లేకుంటేంది? మొల ఉన్నది గదా. కట్టు” అంది లాలి, ఎటో చూస్తూ.

*

అంగన్‌వాడీ దూలానికి తూకం వేలాడుతోంది. గడియారంలా గుండ్రంగా, ఒకటే ముల్లు. కింద కొక్కేనికి కాళ్ళు దూర్చే గుడ్డ సంచి. తల్లులు వరసగా చాప మీద కూర్చున్నారు. వెనక వంటింట్లో ఆయా పున్నమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. మధ్యాహ్నం గర్భిణులకూ బాలింతలకూ పెట్టే అన్నం, పప్పు, గుడ్ల కూర వాసన హాల్లోకి వస్తోంది.

టీచరు భారతమ్మ ఆ సెంటరుకొచ్చి ఇరవై రెండేళ్ళు. కోస్తా నుంచి వలస వచ్చిన రైతు కుటుంబం ఆమెది. పినపాకలో ఇల్లు. ఇప్పుడు చాప మీద కూర్చున్న తల్లుల్లో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆమే. సోనిని సంచిలో కూర్చోబెట్టి, ముల్లు ఊగడం ఆగేదాకా చూసి, “ఎనిమిది కిలోల ఐదు వందలు” అని చదివింది. కార్డు తీసి పచ్చ పట్టీ అంచున చుక్క పెట్టింది.

“పచ్చలోనే ఉందమ్మా నీ కూతురు. పోయిన నెల మీద వంద పెరిగింది. ఇంకా ఏంటా మొహం?”

“కాదు టీచరమ్మా. జబ్బలు సన్నబడ్డయి. సూడు.” ప్రమీల వేళ్ళతో సున్నా చుట్టి చూపించింది.

“పచ్చలో ఉన్న పిల్ల కోసం నువ్వే ఇట్లా కుళ్ళిపోతే, ఎర్రలో ఉన్న పిల్లల తల్లులు ఏం కావాలి చెప్పు?”

చాప మీద నవ్వులు. గోడవారగా కూర్చున్న లాలి కూడా నవ్వింది. “టీచరమ్మా, దీని బెంగకు ఏమన్న సూదుంటే ఎయ్యరాదు” అంది.

అప్పుడే స్కూటీ ఆగింది. చల్లటి టీకాల డబ్బా భుజాన వేసుకుని ఉషారాణి లోపలికొచ్చింది. కొత్త సిస్టరు. ఆరు నెలలుగా ఖాళీగా ఉన్న పోస్టులోకి వచ్చి ఇంకా పది రోజులు కాలేదు. రాగానే కార్డులు అడగలేదు, తూకం చూడలేదు. జేబులోంచి రంగురంగుల టేపొకటి తీసి ఒక్కో పిల్ల జబ్బకూ చుట్టసాగింది. పచ్చ, పచ్చ, పసుపు, పచ్చ.

సోని దగ్గర చెయ్యి ఆగింది. విప్పి మళ్ళీ చుట్టింది. పిల్లను ఇటు తిప్పి మూడోసారి చుట్టింది.

“టీచరమ్మా, ఈ పిల్ల కార్డేది?”

“పచ్చే సిస్టర్. ఇందాకే తూశాను.”

“టేపు ఎర్ర చూపిస్తాంది.”

“టేపు సాగుంటుంది” అంది భారతమ్మ. గొంతులో కొంచెం కటువు.

ఉషారాణి పిల్ల కాలి కడియాన్ని వేలితో పైకెత్తి వదిలింది. ఠంగుమంది. మొలతాడు గజ్జె కదిలించింది. గల్లుమంది.

“వీటితోనే జోకిన్రా?”

“తియ్యమంటే ఎవరు తీస్తారు సిస్టర్? వచ్చిన కొత్తలో ఒకసారి నోరు జారి అడిగితే నెల రోజులు ఒక్క తల్లీ సెంటరు గడప తొక్కలేదు. అయినా నల్లదారం ఏం బరువుంటుందిలే అని...” భారతమ్మ మాట మధ్యలోనే సన్నబడింది.

ఉషారాణి ప్రమీల ముందు గొంతుక్కూర్చుంది. “ఒక్కసారి ఇవన్ని తీసి జోకుదాం, అక్కా.”

“తియ్యరు” అంది లాలి గోడ దగ్గర నుంచే. నవ్వు పోయింది. “మొలతాడు పిల్ల పుట్టినంక కడతరు, పోయినంక తీస్తరు. నడుమల తీసుడు లేదు. ఆ కడియాలు నా కొడుకు కాళ్ళయి. ఆడు నిలిచింది వాటితోనే.”

చాప మీద తల్లులంతా తలలూపారు. పున్నమ్మ ఉల్లిగడ్డ కోయడం ఆపి గుమ్మంలోకి వచ్చింది.

“ఎర్ర అంటే ఏంది, సిస్టర్?” ప్రమీల అడిగింది.

“ఒంట్ల సత్తువ లేదని. ఇప్పుడు జరమొచ్చినా, కడుపు ఆడినా తట్టుకోదు. భద్రాచలం దవాఖానల ఇసొంటి పిల్లలను పెట్టుకుని, రెండు వారాలు తినిపిచ్చి పంపుతరు. తల్లికి కూడ బువ్వ పెడ్తరు. ఇప్పుడు పోతే తేరుకుంటది. చిట్టీ రాస్త. కాని చిట్టీ మీద అసలు తూకం రాయాలె గదా.”

ఇన్ని నెలలుగా ఎవరో ఒకరు ఈ మాట అంటే బాగుండునని ప్రమీల ఎదురుచూసింది. నీ భయం ఉత్తది కాదు అని. ఇప్పుడు అన్నారు. అనగానే ఇంకో భయం పట్టుకుంది. తీస్తే ఏమవుతుందో? తీయకపోతే ఏమవుతుందో? రెండు వైపులా కీడే కనపడుతోంది. ఎప్పుడూ ఒక కీడు నుంచి పారిపోవడమే తెలిసిన మనిషికి, రెండింట్లో ఒకదాన్ని ఏరుకోవడం తెలియదు.

ముందు కడియం పట్టుకుంది. ఏడాది నిండిన నాడు తొడిగారు దాన్ని. ఆవేళ సబ్బు నురుగు పట్టించి, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, లాలీ తనూ చెరోపక్కా పట్టుకుని బలవంతాన మడమ దాటించారు. ఇప్పుడు లాగబోయిందో లేదో, తడి కూడా లేకుండా, సోని కిక్కురుమనకుండా, కడియం జారి ప్రమీల అరచేతిలోకి వచ్చేసింది.

ఆమె ఆ కడియాన్ని చూసింది. లాలీ చూసింది.

ఆ తర్వాత ప్రమీల ఎవరినీ ఏమీ అడగలేదు. లేచి పున్నమ్మ చేతిలో చాకు తీసుకుంది. పిల్ల మొలకూ తాడుకూ మధ్య తన వేలు పెట్టి, తగిలితే తన వేలికే తగిలేట్టు కోసింది. చాకుకు ఉల్లి రసం. పిల్ల ఏడ్వలేదు, ప్రమీల కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

రెండో కడియం, మెడలో పూసలు కూడా తీశాక, బోసిగా ఉన్న సోనిని సంచిలో పెట్టారు. ముల్లు ఊగి ఆగింది. ఏడు కిలోల ఎనిమిది వందలు.

పిల్లను దింపి, ప్రమీల ఆ కడియాలూ, తాయెత్తులూ, తాళంచెవీ, గజ్జే అన్నీ కలిపి సంచిలో వేసింది. ఎవరూ వేయమనలేదు. ముల్లు కదిలి ఏడో గీత దగ్గర నిలిచింది. ఏడు వందలు.

భారతమ్మ కార్డును కళ్ళకు దగ్గరగా పట్టుకుని వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయింది. “ఏడాది నిండిన నాడు... ఏడు కిలోల ఎనిమిది వందలు” అంది. ఆ తర్వాత నెలనెలా పైకి పాకిన చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటింది. వంద. వంద. రెండు వందలు. వంద.

“అయితే గిన్ని నెలలు మనం జోకింది పిల్లను కాదా, టీచరమ్మా? దాని తాయెత్తులనా?” అంది పున్నమ్మ.

ఎవరూ నవ్వలేదు. భారతమ్మ పెన్నుకు టోపీ పెట్టబోయింది, రెండుసార్లు తప్పింది. “తప్పు నాది తల్లీ” అంది ప్రమీలతో. “నువ్వు వేళ్ళతో చూపించావు. నేను కార్డు చూశాను.”

లాలి లేచి వచ్చింది. సంచిలోంచి అన్నీ ఏరుకుంది. తెగిన తాడుతో సహా కొంగున మూటకట్టుకుని, ఒక్క మాట లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

ఆ సాయంత్రం ఇల్లు మోగలేదు. సోని డేకుతోంది గాని చప్పుడు లేదు. ఒకసారి మంచం కిందికి పోయింది, ఇంకోసారి గాబు దాకా పోయింది. ప్రమీల ప్రతిసారీ గుండె పట్టుకుని వెతుక్కుంది. కడియాలు లేని కాళ్ళు నూనె రాసిన గచ్చకాయల్లా జారుతున్నాయి. ఇంత వేగం ఎక్కడ దాచుకుందో ఈ పిల్ల.

లాలి అన్నం తిన్నది. పళ్ళెం కడిగింది. రేపటి సద్దికి జొన్నపిండి కలిపింది. అన్నీ చేసింది, మాట తప్ప.

రవికుమార్ ఫోన్ చేశాడు. “పద్నాలుగు దినాలా? అమ్మ ఏమన్నది?”

“ఏమంటలేదు.”

“ఏమంటలేదంటే? తిట్టిందా?”

“తిట్టినా బాగుండు. ఏమంటలేదు.”

అవతల టిప్పరు ఇంజను చప్పుడు. తర్వాత అతనన్నాడు: “నువ్వు పో. నాకు సెలవు దొరికినంక అటే వస్త. అమ్మ సంగతి నేను జూస్త.”

తెల్లవారుజామున ప్రమీల పక్కలో నుంచే అడిగింది. “అత్తా, పిల్ల నిలుస్తదంటవా?”

అరుగు మీద వేపపుల్ల నములుతున్న చప్పుడు ఆగింది. మళ్ళీ నమలడం మొదలైంది. ‘నిలుస్తది’ రాలేదు, బూడిదా రాలేదు. ఇరవై నెలల్లో మొదటిసారి, ప్రమీల తిట్టు తినకుండా లేచి పొయ్యి ముట్టించింది.

పిల్లను చంకనేసుకుని, బట్టల సంచి పట్టుకుని రోడ్డు మీదికొచ్చేసరికి, బస్సు ఆగే చోట చింతమొద్దు మీద లాలి అప్పటికే కూర్చుని ఉంది. పక్కన సద్ది డబ్బా, దుప్పటి మూట. పత్తి ఏరే కాలంలో చేను మానడమంటే లాలికి జ్వరమైనా రావాలి, చావైనా రావాలి.

“నువ్వొస్తున్నవా, అత్తా?”

లాలి బస్సు వచ్చే దిక్కే చూసింది. బస్సు రాగానే ముందుగా ఎక్కి, కిటికీ పక్క సీటు మీద దుప్పటి పరిచింది. ప్రమీల కూర్చున్నాక పిల్లను తన ఒళ్ళోకి తీసుకుంది. అదే జవాబనుకోవాలి.

సారపాక దాటి బస్సు వంతెన ఎక్కింది. వానలు వెళ్ళి నెల అయినా గోదారి ఇంకా ఎర్రగానే ఉంది. అందరూ దండాలు పెట్టుకుని రూపాయో రెండో విసురుతున్నారు. లాలి కూడా చేతులు జోడించింది. ఆ చేతుల మధ్య కొంగు ముడి ఉంది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. విసురుతుందేమోనని ప్రమీల ఆ ముడినే చూసింది. లాలి విసరలేదు. ముడిని మళ్ళీ రొంటిన దోపుకుంది.

*

దవాఖానలో ఆ వార్డు వెనక వైపు ఉంది. పది మంచాలు, గోడలకు రంగురంగుల బొమ్మలు, మూలన చిన్న వంటగది. తండాల వాళ్ళు, కొండల మీది గూడేల వాళ్ళు. భాష కలవని తల్లులు కూడా పిల్లల గిన్నెలు చూపించుకుని నవ్వుకుంటున్నారు. పొద్దున్నే పిల్లను నూలుపోగు లేకుండా విప్పి తూస్తారు. పూటకింతని కొలిచి తినిపిస్తారు. ఎంత తిన్నదీ, ఎంత కక్కిందీ రాసుకుంటారు.

మొదటిరోజే వంటగది చూసుకునే మేడం ప్రమీలను పిలిచింది. “ఇంట్లో ఎట్ల పెడ్తవో కలిపి చూపియ్యమ్మా.”

ప్రమీల మూడు చెంచాలకు రెండు గ్లాసులు పోసింది. మేడం తిట్టలేదు. ఇంకో గిన్నెలో కొంచెం పాలు పోసి, అదే మూడు చెంచాలు కలిపి, చుక్క నూనె వేసింది. గరిటెతో తీసి తలకిందులు చేసింది. ముద్ద గరిటెకే అంటుకుని ఉంది, పడలేదు.

“బోర్లిస్తే జారొద్దు. అదే లెక్క. నీళ్ళతోటి పిల్ల కడుపు నిండుతది, ఒళ్ళు నిండదు.”

“పొలమారుతదేమో, మేడం.”

“చిన్న ముద్ద పెట్టు. మింగినంక ఇంకోటి పెట్టు. కూర్చోబెట్టి పెట్టు, పడుకోబెట్టి పోయకు. పొలమారేది పలచంది పోస్తేనే.”

ప్రమీలకు ఆ మాట మింగుడు పడడానికి పిల్లకు ముద్ద మింగుడు పడినదాని కంటే ఎక్కువసేపు పట్టింది. నెలల తరబడి పిల్లను పొలమారకుండా కాపాడుతున్నానని అనుకుంది. అద్దం లాంటి అంబలి. అత్త ఎగతాళి చేసింది గాని, ఆ అద్దంలో ఉన్నది ఏమిటో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

మొదటి రెండు రోజులూ సోని తల అటు తిప్పుకుంది, ఇటు తిప్పుకుంది, ఉమ్మింది. మూడోరోజు తూకం పెరగలేదు. ప్రమీల వార్డంతా వినపడేట్టు ఏడ్చింది. పక్క మంచం తల్లి, భాష రాకపోయినా, వచ్చి వీపు నిమిరింది. లాలి మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని చూస్తూ ఉంది. ప్రమీల ప్రతి పొద్దునా అడగడం మానలేదు. “అత్తా, నిలుస్తదంటవా?” లాలి ప్రతి పొద్దునా దుప్పటి మడత పెట్టింది.

నాలుగోరోజు వంద పెరిగింది. బోసిపిల్ల, అసలు వంద. ప్రమీల నమ్మలేక సిస్టరును మళ్ళీ తూచమని బతిమాలింది. మళ్ళీ అదే.

ఐదోరోజు ప్రమీల బట్టలుతికి వచ్చేసరికి, గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. లాలి సోనిని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. గిన్నెలో పప్పన్నం, నలిపిన కోడిగుడ్డు. గరిటె లేదు, చెంచాతోనే తీసి, పైకెత్తి, బోర్లించి చూసింది. జారలేదు. అప్పుడు పిల్ల నోటికి పెట్టింది. సోని మింగింది. లాలి రెండో చెంచా తీసి మళ్ళీ బోర్లించింది. ప్రతి చెంచానూ అలాగే బోర్లించి చూస్తోంది, మొదటిది నిలిచినా రెండోది జారుతుందేమోనన్నట్టు. పిల్ల ఆలస్యం ఓర్చుకోలేక గిన్నె అంచు రెండు చేతులా పట్టుకుని గుంజింది.

ప్రమీల గోడ చాటున నిలబడి చూసింది. ఇన్నాళ్ళూ ఇంట్లో భయమంతా తనదే అనుకుంది, ధైర్యమంతా అత్తది. వంద పనులుండి కూడా ఎద్దు గజ్జెను చింతపండు పెట్టి తోమిన చేతులు అవి. ఆ చేతులే ఇప్పుడు ఇంకో చెంచా బోర్లిస్తున్నాయి.

ఆరోరోజు మధ్యాహ్నం భారతమ్మ ఫోన్ చేసింది. ప్రమీల తడి చేత్తో నొక్కితే స్పీకరు మోగింది.

“ఎంతుంది తల్లీ పిల్ల?”

“ఎనిమిది, టీచరమ్మా. బోసి తూకం.”

“అమ్మయ్య.” అవతల పెద్ద ఊపిరి. “ఇక్కడ నా పని కుడితిలో పడ్డ ఎలకలా ఉంది. మిగతా పిల్లలందర్నీ మళ్ళీ తూద్దామని ఇల్లిల్లూ తిరిగాను. ధన్‌సింగ్ మనవడికి నాలుగు తాయెత్తులు, మూడు కడియాలు. వాడి జబ్బలు చూస్తే నాకిప్పుడు నిద్ర పట్టట్లేదు. ఒక్కరూ తియ్యనివ్వట్లేదు. ‘లాలమ్మ ఇంట్లో తీసిన్రు, ఆమె నోరు పడిపోయింది’ అంటున్నారు. మీ అత్త ఉందా పక్కన?”

“ఉన్నది.”

“లాలమ్మా, నువ్వొక్క మాట చెబితే వింటారమ్మా తండాలో. చెప్తావా?”

ప్రమీల ఫోనును మంచం మీద పెట్టింది. లాలి సోని నోరు కొంగుతో తుడుస్తోంది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. రొంటినున్న ముడి తీసి ఒళ్ళో పెట్టుకుంది. విప్పలేదు, బరువు చూస్తున్నట్టు అరచేతిలో ఎత్తి పట్టుకుంది. సోని ఆ ముడి కోసం చెయ్యి చాచింది. అందలేదు. మంచం కోడు పట్టుకుని ఒక మోకాలు లేపింది, కూలబడింది, మళ్ళీ లేపింది. వంటగదిలో ఎవరో గిన్నెలు బోర్లిస్తున్నారు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

“లైనుందా? హలో?” అంది ఫోనులో భారతమ్మ.

“ఉన్నది, టీచరమ్మా” అని ప్రమీల మెల్లగా అంది. “అత్తా...”

లాలి చాలాసేపటి దాకా ముడినే చూసింది. ఆరు రోజులుగా వాడని గొంతు, ముందు ఉత్త గాలే వచ్చింది. తర్వాత మాట వచ్చింది.

“పోయిన నా ముగ్గురిని ఎవ్వరు జోకలే, బేటీ.”

ప్రమీల ఫోను చేతిలోకి తీసుకుంది.

“టీచరమ్మకు చెప్పు” అంది లాలి. “జోకుడు నాడు నేనొస్త. అందరియి నేనే తీస్త. జోకినంక నా చేతుల తోటే మళ్ళ కడత. తిట్టేటోళ్ళు నన్ను తిట్టుమను.”

కోడు పట్టుకుని వణుకుతూ లేచిన సోని నడుం చుట్టూ చెయ్యి వేసింది. పట్టుకోలేదు, పడితే అందుకునేంత దూరంలో ఉంచింది. ఆ చెయ్యి అలా ఉంచే, కోడలి వైపు తిరగకుండా అంది:

“నువ్వు పొద్దున అడిగినవు గదా. నిలుస్తది. నీ నోట్ల బూడిద పడ, లేచి ఆ గిన్నె కడుగు.”